రెండో శనివారం విమానం

మేం పెరిగే రోజుల్లో రేపల్లె వాళ్ళకి విమానమంటే ఆకాశంలో మెల్లగా కరిగిపోయే ఒక తెల్లటి గీత. ఆ గీత కనిపిస్తే చేలో నాట్లు వేసేవాళ్ళు కూడా నడుము నిలబెట్టి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవాళ్ళు. బాపట్లలో అయితే విమానాలు పొట్ట కనిపించేంత కిందికి వస్తాయని, ట్రైనింగులో నాతో చదివిన స్నేహితురాలు తెగ ఊరించేది. నాకప్పుడు టీచరు ఉద్యోగం కొత్త. నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టే మనిషిని. అందుకని తోడు రమ్మని తెనాలిలో ఉండే మా పిన్నిని బతిమాలాను. (ఆవిడ గొంతుకి చర్చిలో అందరూ పెట్టిన పేరు మైకు పిన్ని.) ఆవిడ అన్ని ఊళ్ళ చర్చిలవాళ్ళూ కలిసే స్త్రీల కూటంలో నా స్నేహితురాలి తల్లిని కలిసి, "మా అమ్మాయి విమానాన్ని చూడాలని ఒకటే గొడవండీ. రెండో శనివారం సెలవేగా, తీసుకొస్తా" అని చెప్పేసి వచ్చింది.

మాకు తెలియని సంగతి ఒకటుంది. నా స్నేహితురాలి పెళ్ళికాని అన్నయ్య అక్కడి వైమానిక దళం స్టోర్సులో గుమస్తా. ఇంట్లోవాళ్ళూ, వీధిలోవాళ్ళూ ఆయన్ని పిలిచే పేరే 'విమానం'.

ఆ శనివారం రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో పిన్నిని కలుపుకుని, రైలు మారి బాపట్లలో దిగేసరికి మధ్యాహ్నమైంది. స్నేహితురాలి ఇంట్లో కుర్చీల మీద కొత్త తువ్వాళ్ళు, పళ్ళెంలో కేసరి, కాజాలు, పైగా చర్చి పెద్దగారొకరు. విమానం చూడ్డానికి వచ్చినవాళ్ళకి బాపట్లలో ఇంత మర్యాదా అనుకున్నాను. స్నేహితురాలేమో వంటింటి గుమ్మంలోంచి నన్ను చూసి ముసిముసిగా నవ్వుతోంది.

"ఇంతకుముందెప్పుడన్నా చూశావా అమ్మా?" అన్నారు పెద్దగారు.

"మా మేడ మీంచి దూరంగా చూశానండి. దగ్గర్నుంచి చూడాలని చిన్నప్పట్నుంచీ ఆశండి," అన్నాను, కాజా వంక చూస్తూ.

"చిన్నప్పట్నుంచే!" అంది స్నేహితురాలి తల్లి, మురిసిపోతూ.

ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "చప్పుడే బాగా ఎక్కువంట కదండీ" అన్నాను.

ఆవిడ మొహం చిన్నబోయింది. "ఎవరు చెప్పారో గానీ, పక్కకి తిరిగి పడుకుంటే అసలు రాదమ్మా."

విమానం పక్కకి తిరిగి పడుకోవడం ఎలాగో నేను ఊహించుకుంటుండగానే, "వాడొచ్చేలోపు ప్రార్థన చేసుకుందాం" అని పెద్దగారు కళ్ళు మూశారు. అందరం తలలు వంచాం. ఆయన ప్రార్థన ఆదాము దగ్గర మొదలైంది. ఇస్సాకు పెళ్ళి దాకా వచ్చేసరికి దూరంగా ఉరుములాంటి మోత వినిపించింది. ఆమేన్ అనేదాకా ఆగితే విమానం వెళ్ళిపోతుంది. ఆగకపోతే పిన్ని పరువు పోతుంది. పెద్దగారు ఇస్సాకుని వదిలి యాకోబుని అందుకున్నారు. యాకోబుకి ఇద్దరు భార్యలని గుర్తొచ్చి, ఇక కుదరదనుకున్నాను.

"విమానం! విమానమొచ్చింది!" అని కేకేసి వీధిలోకి పరిగెత్తాను.

గేటు దగ్గర ఒకాయన అప్పుడే సైకిలు దిగుతున్నాడు. నా కేకకి బిక్కచచ్చిపోయి, "నేనేనండీ, ఏంటండీ?" అన్నాడు.

"మీరు కాదండీ, పైన! అడ్డు తప్పుకోండి!"

పాపం, సైకిలుతో సహా గోడకి అతుక్కుపోయాడు. నేను వీధి మధ్యలో నిలబడి తల పైకెత్తాను. కొబ్బరి మట్టలన్నీ ఒక్కసారిగా ఊగిపోయాయి. వెండిలా మెరిసే పొట్ట, రెక్క కింద వరసగా మేకులు, ఎంత దగ్గరగా అంటే చేతులు చాచి ఇంకోసారి అరిచాను, ఏమన్నానో నాకే తెలీదు. అది సముద్రం వైపు వెళ్ళిపోయాక వెనక్కి తిరిగితే, గుమ్మంలో అందరూ ఉన్నారు. నా స్నేహితురాలు కడుపు పట్టుకుని నవ్వుతూ, సైకిలాయన్ని చూపించి, "ఒసే, మా ఇంటి విమానం ఇదే!" అంది. ఆ తర్వాత తిరుగు రైలు ఎక్కేదాకా నేను తలెత్తలేదు.

వారం తర్వాత పిన్ని చేత కబురొచ్చింది. "పిల్ల బుద్ధిమంతురాలేనంట. నోరే మరీ పెద్దదంట. వాళ్ళకొద్దంట!"

నోరు పెద్దదని నన్ను వద్దన్నవాళ్ళు ఈ లోకంలో ఇప్పటికీ వాళ్ళొక్కరే. వెనక బెంచీ పిల్లలు "టీచరుగారూ, వినపడట్లేదండీ" అన్నప్పుడల్లా, బాపట్ల వీధిలో ఆకాశం వంక చూసి అరిచిన ఆ అమ్మాయి ఒక్క పీరియడు వచ్చి పాఠం చెప్పి పోతే బాగుండుననిపిస్తుంది.