పిల్లిని చూసి కుళ్ళుకున్న సువార్తరాజు గారు

సువార్తరాజు గారికి బీపీ లేదు, షుగర్ లేదు. ఉన్నదల్లా కుళ్ళు. వాళ్ళుండే కెనడా ఊరు సార్నియాలో ఎవరికి ఏ మంచి జరిగినా ఆయన కడుపు మండుతుంది. పక్కింటి రంగనాథ్ మంచు తోసే మిషన్ కొంటే, ఆ చలికాలమంతా ఈయన పార పట్టుకుని, "చేత్తో తోస్తేనే ఆరోగ్యం!" అని రంగనాథ్ కిటికీకి వినబడేలా అరుస్తూ మంచు ఎత్తిపోశారు. చివరికి చర్చిలో మోకాలి నొప్పితో బాధపడేవాణ్ణీ వదల్లేదు.

"పాస్టరుగారు వాడి మోకాలి కోసం అంత పొడుగు ప్రార్థన చేస్తారా? నా నడుముకి ఏనాడైనా చేశారా?"

"మీ నడుము బాగానే ఉందిగా!" అనేవారు భార్య సలోమి గారు.

"ఉంటే మాత్రం?"

వాళ్ళ బేస్‌మెంట్ ఖాళీగా ఉందని తెలిసి ఇషిత వచ్చింది. కరీంనగర్ పిల్ల, ఇక్కడి కాలేజీలో చదువుతోంది. చేతిలో బుట్ట, అందులో బూందీ అనే పిల్లి.

"ఇది ఎమోషనల్ సపోర్ట్ ఆనిమల్ అంకుల్. పోయినేడు నాకు నిద్ర పట్టకపోయేది, ఊకె భయమయ్యేది. ఇది పక్కనుంటేనే మంచిగుంటదని డాక్టర్ రాసిచ్చిండు."

సువార్తరాజు గారి మొహం మాడిపోయింది.

"పిల్లి లేకపోతే కుదరదని డాక్టరే రాశాడా? ముప్ఫై ఏళ్ళు ప్లాంటులో నైట్ షిఫ్టులు చేశానమ్మా! ఈ మనిషి లేకపోతే కుదరదని నా గురించి ఒక్కడూ రాయలేదు. సలోమీ, నువ్వయినా రాస్తావా?"

"మీ గురకతో నాకున్న నిద్రే పోతోందండీ," అన్నారావిడ, పిల్లి గడ్డం కింద గోకుతూ.

అది చూశాక ఆయనకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళయిన నాటి నుంచి తన గడ్డం ఎవరూ అలా గోకలేదు.

"పిల్లికి ఇల్లివ్వను. అంతే!"

సలోమి గారు నిట్టూర్చి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళారు. అక్కడికి ముందుగది మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి.

"నెలాఖరుకి రూమ్ ఖాళీ చెయ్యాలె అంకుల్. పిల్లి అనంగనే అందరూ తలుపేస్తున్నరు. నిన్న రంగనాథ్ అంకుల్ సుత కుదరదన్నడు. దీన్ని ఎవరికన్న ఇచ్చెయ్యమంటున్నరు..." ఇషిత ఏడ్చేసింది.

అంతలో ఇల్లదిరేలా ఒక కేక వినబడింది.

"సలోమీ! విన్నావా ఘోరం? రంగనాథ్ గాడు ఈ పిల్లని పిల్లితో సహా వాళ్ళింట్లో చేర్చుకుంటాడట! వాడికి దక్కనిస్తానా? కింద గది మనమే ఇస్తున్నాం!"

"అంకుల్, ఆయన వద్దన్న..."

"నువ్వూరుకో అమ్మా! వాడి సంగతి నాకు తెలుసు."

సలోమి గారికి నవ్వాగలేదు. పసిబిడ్డ ఏడుస్తుందని ఎవరూ ఇల్లివ్వని జంట వచ్చినప్పుడూ ఆయన ఇదే పాట పాడారు. జాలిపడ్డానని ఒప్పుకోవడం ఆయనకు నామోషీ, కుళ్ళుకున్నానని చెప్పుకోవడానికి మాత్రం ఏ మొహమాటమూ లేదు. ఆవిడ కూడా ఏనాడూ ఆ గుట్టు విప్పలేదు.

నవ్వు బిగబట్టుకుని టీ తెచ్చారు. "అయ్యో, పాపం రంగనాథ్ గారు! మంచి పిల్లని పోగొట్టుకున్నారే!"

ఇషిత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. సంగతి అర్థమై కళ్ళు తుడుచుకుంది.

"అవునాంటీ. నన్ను పోవద్దని రంగనాథ్ అంకుల్ మస్తు బతిమిలాడిండు."

సువార్తరాజు గారి చేతిలో కప్పు ఆగిపోయింది.

"బతిమిలాడాడా?" అన్నారు, మొహం గంటు పెట్టుకుని. "వాడికంటే నేను బాగా బతిమిలాడగలను. ఏదీ, ఒకసారి వెళ్ళిపోతానని అనమ్మా!"