ఎర్ర తాడు కట్టిన పెట్టె

మా నాన్న పడవ నీళ్లలోకి తొయ్యకముందే పెట్టెలకి తాళ్లు కట్టేవాడు. ఎర్ర తాడైతే రొయ్యలకి, నీలం తాడైతే చేపలకి. పెట్టెలన్నీ ఒకటే రకం, ఒకే కొట్లో కొన్నవి. "ముందే కట్టుకోవాలి. వల పైకొచ్చేక ఎవడికీ బుర్ర పనిచెయ్యదు," అనేవాడు. ఓసారి మా బాబాయ్ హడావుడిలో జెల్ల చేపల్ని ఎర్ర తాడు పెట్టెలో పడేసేడు. వాటి ముళ్లు గుచ్చుకుని రొయ్యలన్నీ పాడైపోయేయి. ఒడ్డున మూత తీసేదాకా ఎవరికీ తెలీలేదు.

నాన్న పోయేక పడవ అమ్మేసేం. ఎర్ర తాడు పెట్టె ఒకటి మిగిలింది. నాకేమో రెండే దారులు. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని, లేదంటే అమలాపురంలో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉద్యోగం. షెడ్డు మేస్త్రి సోమవారం నుంచి వచ్చెయ్యమన్నాడు. ఆ షెడ్డులోనే ఐసులో నాని నాని అమ్మ వేళ్లు ఎలా అయ్యేయో రోజూ చూస్తున్నదాన్ని. నాకు భయమేసింది.

ఇంటర్వ్యూకి బయల్దేరుతుంటే అమ్మ, "ఆ పెట్టె ఊరికే పడుందే, ఉల్లిపాయలు పోసుకుంటాను," అంది. బస్సు తొందరలో ఉన్నాను. "ఖాళీదేగా, పోసుకో," అనేసేను.

ఆఫీసులో మేడమ్ గారు నన్ను బోర్డు దగ్గర నిలబెట్టి, సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో జెనరిక్ క్లాస్ అంటే ఏంటో చెప్పమన్నారు. బట్టీ పట్టినదాంట్లో ఒక్క ముక్క గుర్తొస్తే ఒట్టు. పెట్టె బొమ్మ గీసి, పక్కన ఇంగ్లీషు అక్షరం 'టీ' రాసేను.

"పెట్టెని ఒక్కసారే రాస్తామండీ. ఈ టీ అనేది తాడు కట్టే చోటు. వాడేటప్పుడు రొయ్య అని చెబితే రొయ్యల పెట్టె, చేప అని చెబితే చేపల పెట్టె. వేరేది వెయ్యబోతే, ప్రోగ్రాం నడవకముందే కంపైలర్ చూసి అక్కడే ఆపేస్తుందండీ. ఒడ్డుకొచ్చి మూత తీసేదాకా ఆగక్కర్లేదు."

మా బాబాయ్ పక్కన అలాంటిదొకటి ఉంటే బాగుండేదనిపించింది.

"ఇంకా ఏమీ వెయ్యలేదనుకోండి. అప్పుడది ఏం పెట్టె?" అనడిగేరు.

"ఖాళీగా ఉన్నా రొయ్యల పెట్టేనండీ," అన్నాను. బయల్దేరేటప్పుడు అమ్మతో 'ఖాళీదేగా' అన్న మాట గుర్తొచ్చింది. బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను. ఆవిడ "సోమవారం వచ్చి జాయినవ్వండి," అన్నారు.

ఇంటికొచ్చి అమ్మకి ఉద్యోగం వచ్చిందని చెప్పేను. చెప్పి, వంటింట్లోకెళ్లి పెట్టె ముందు చతికిలబడి ఉల్లిపాయలు బయటికి తీయడం మొదలెట్టేను. అమ్మ చాట తెచ్చి కింద పెట్టి, తనూ పక్కన కూర్చుని తీసింది. తాడు మాత్రం ఇద్దరం ముట్టుకోలేదు.