నూలు కుండలోని గంజి

మూడో రోజు పొద్దున శంకరవ్వ కుండ మూతికి కట్టిన గుడ్డ విప్పి లోపలికి చూసి, ఆ గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. జొన్నపిండి పులవలేదు. ఒక్క బుడగ లేదు, పొంగు లేదు. వంగి వాసన చూస్తే పచ్చిపిండి వాసన తప్ప మరేమీ రాలేదు. పిండంతా అడుక్కి చేరి, పైన నీళ్ళు తేటగా నిలిచాయి.

ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. చెన్నూరు పద్మశాలి వాడలో ఎవరింట పులుపు చెడినా గిన్నె పట్టుకుని శంకరవ్వ గుమ్మానికే వస్తారు. ఎండాకాలమైతే ఒకటిన్నర రోజు, వానాకాలమైతే రెండు రోజులు, చలికాలం కుండను పొయ్యి దగ్గరికి జరిపితే మూడు. ముప్పై అయిదేళ్ళలో ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు. తప్పిందంటే సూర్యుడు పడమట పొడిచినట్టే. ఇంతకూ అది వానాకాలం, శ్రావణమాసం, బుధవారం.

శంకరవ్వ పుట్టిల్లు మెట్‌పల్లి దిక్కు. పదమూడో ఏట ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. అత్త సత్తమ్మ నోరు పెద్దది, మనసు మాత్రం చెడ్డది కాదు. కోడలి కాళ్ళ పారాణి ఇంకా ఆరకముందే ఆమెను పొయ్యి పక్కన కూర్చోబెట్టి రెండు కుండలు చూపించింది. ఒకటి కడుపు కుండ. అందులో ఇసుర్రాయి మీద విసిరిన జొన్నపిండి నీళ్ళలో పులిసేది. మరిగే ఎసట్లో దాన్ని పోసి, ఉండ కట్టకుండా తెడ్డుతో తిప్పి, చల్లారాక చల్లా ఉప్పూ ఉల్లిగడ్డ ముక్కలూ కలిపితే అంబలి. రెండోది నూలు కుండ. అందులో నూకల పిండి పులిసేది. దాన్ని గంజి కాచి, వాడ పొడుగునా చాపిన పడుగు పోగులకు కుంచెతో పట్టిస్తే నూలు గట్టిపడుతుంది, మగ్గం మీద తెగదు.

"పేరుకే రెండు కుండలు. పులుపు ఒక్కటే" అంది సత్తమ్మ. "ఒకదాంట్ల చెడితే ఇంకోదాంట్లకెళ్ళి తోడు తీసుకో. కానీ నీ నాలుక మీద ఏసుకోకుంట ఎవ్వల గిన్నెల పొయ్యకు. యాదికున్నదా?"

యాదికి లేకేం! శంకరవ్వ నాలుక ఆ తర్వాత అత్తనే మించిపోయింది. వేలు ముంచి నాకి, ఇంకో రెండు గంటలు ఆగాలనో, ఉప్పు పెంచాలనో చెప్పేది. పొద్దున పది కొట్టేసరికి మగ్గాలు ఆపి మగవాళ్ళు ఆ అంబలికే ఎదురుచూసేవాళ్ళు. కొడుకు హనుమంతు పసివాడుగా ఉన్నప్పుడు వచ్చిన కరువులో జొన్నలు దొరక్క, ఆ ఇల్లు నాలుగు నెలలు నూలు కుండ మీదే బతికింది. నూలు తాగగా మిగిలిన గంజి మనుషులు తాగారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని శంకరవ్వ లెక్క. పిండీ నీళ్ళూ పులుపూ, అంతే కదా.

భర్త పోయాక ఇల్లు ఆమె చేతి మీదే నడిచింది. ఇంట్లో కొడుకు హనుమంతు, కోడలు అనసూర్య. వీళ్ళు కాక పొద్దున్నే గిన్నె పట్టుకుని వచ్చే ఐలవ్వ. ఐలవ్వ ఒకప్పుడు ఈ ఇంటి మగ్గాలకు నూలు కండెలు చుట్టింది. ఇప్పుడు చూపు ఆనదు, చేతులు వణుకుతాయి, నా అనేవాళ్ళు లేరు. వాడ చివర గుడిసెలో ఉంటుంది. ఆమె అడిగేది కాదు. గడప దగ్గర నిలబడి "శంకరీ, లేచినవా?" అనేది. శంకరవ్వ గిన్నె నింపేది. పన్నెండేళ్ళుగా ఆ ఇద్దరి మధ్య అదే మాట, అదే గిన్నె.

మొన్న ఆదివారం వాన దంచికొట్టింది. పెంకు జారి చూరు నీళ్ళు సరాసరి కడుపు కుండలో పడ్డాయి. సోమవారం పొద్దున శంకరవ్వ ఆ మురికి పిండిని పారబోసి, కుండ కడిగి, కొత్త పిండి కలిపి, నూలు కుండలోంచి రెండు గరిటెలు తోడు తీసి వేసింది. అంతలో గడప దగ్గర ఐలవ్వ గొంతు వినిపించింది. అంబలి లేదు. ముసలిదాన్ని ఉత్త గిన్నెతో పంపడమా? నూలు కుండలోంచే మరి నాలుగు గరిటెలు తీసి, గంజి కాచి, ఉప్పేసి పోసింది. "ఇయ్యాల గిదే ఉన్నదక్కా, ఏమనుకోకు" అంది. ఐలవ్వ నవ్వి, కొంగు కప్పుకుని వానలో వెళ్ళిపోయింది.

ఆ పూట శంకరవ్వ గంజి నాలుక మీద వేసుకోలేదు. శ్రావణ సోమవారం, ఒక్కపొద్దు. పొద్దుగూకి దీపం పెట్టేదాకా నోట్లో నీటిచుక్క పోసుకోదు.

మంగళవారం ఐలవ్వ రాలేదు. వానకు రాలేదనుకుంది.

ఇప్పుడు బుధవారం పులవని కుండ ముందు నిలబడి, శంకరవ్వ వేలు ముంచి నాలుకకు రాసుకుంది. మరుక్షణం తుపుక్కున ఉమ్మేసింది. చేదు. ఉత్త చేదు కాదు, నాలుకను లోపలికి గుంజేసే వగరు చేదు. నూలు కుండను రెండు చేతులా ఎత్తి గుమ్మం దగ్గర వెలుతురులో పెట్టింది. పొయ్యి మూల చీకట్లో ఏనాడూ కనపడనిది అక్కడ కనపడింది. తెల్లటి గంజి మీద పలచగా నీలి ఛాయ.

"హనుమంతూ! గీ కుండల ఏమేసినవ్ రా?"

హనుమంతు మగ్గం గుంతలోంచి తల ఎత్తకుండానే చెప్పాడు. "మైలుతుత్తం. వానకు పడుగు చాపస్తలేదు గదా, గంజి బూజు పడుతదని శనివారం చిన్న గడ్డ కరిగించి పోసిన. నూలు సేటు చెప్పిండు. నువ్వప్పుడు బట్టలుతక పోయినవ్. ఏమైందే?"

"నాకొక్క మాట చెప్పొద్దారా! విషం గదరా అది!"

"నూలు గంజి ముచ్చట నీకెందుకే? అది ఎవలన్న తాగేదా?"

"నువ్వు తాగి పెరిగినవ్ రా అది!"

హనుమంతు చేతిలోని పేక నేసే నాడె జారి గుంతలో పడింది. కరువు రోజుల్లో తల్లి తాగించిన గంజి ఏ కుండలోదో అతనికి ఎవరూ చెప్పలేదు, అతను ఎన్నడూ అడగలేదు.

అనసూర్య పరుగెత్తుకొచ్చింది. "గాభరా పడకు అత్తా. మనమెవ్వలం తాగలేదు గదా. రెండు కుండలు పారబోస్తే అయిపాయె."

"ఐలక్క తాగింది" అంది శంకరవ్వ.

ఆ మాట అన్నాక ఆమె ఇంట్లో ఆగలేదు. వానలో, బురదలో, చెప్పులు లేకుండా వాడ చివరికి ఉరికింది. ఉరుకుతూనే చెప్పుకోవలసిన మాటలు కూడబెట్టుకుంది. నేను కాదక్కా, నాకు తెల్వది, పోరడు చెప్పకుంట ఏసిండు, నేను ఒక్కపొద్దు ఉంటి, లేకుంటే నాలుకకు ఏసుకోనా? ఒక్క ప్రాణం నిలబడితే చాలని రాజన్న దేవుణ్ణి మొక్కింది. అంతలోనే ఆ దేవుడి సోమవారం ఒక్కపొద్దు కదా ఇంత పని చేసిందని కోపమూ వచ్చింది. ఆ కోపానికి తనే హడలిపోయింది.

గుడిసె తలుపు ఓరగా ఉంది. లోపల పుల్లటి వాంతి వాసన. ఐలవ్వ గోనె మీద ముడుచుకుని పడి ఉంది. కళ్ళు గుంటలు పడ్డాయి, పెదాలు ఎండి తెల్లబారాయి. శంకరవ్వ ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. ఊపిరి తగిలింది.

"ఎవలు?"

"నేనక్కా, శంకరిని."

"వచ్చినవా చెల్లె. మొన్నటి సంది కక్కుడే కక్కుడు. లేవస్తలేదు."

వెనకే వచ్చిన హనుమంతు ఆమెను రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాడు. దవాఖాన దాకా ఎక్కడా దించలేదు. డాక్టరు అంతా విని, తల పట్టుకుని, సెలైన్ పెట్టాడు. కక్కుకోబట్టి బతికిందనీ, లేకపోతే ఈ వయసులో తట్టుకునేది కాదనీ చెప్పాడు. శంకరవ్వ రెండు రోజులు ఆ మంచం పక్కనే నేల మీద కూర్చుంది. కోడలు తెచ్చిన రొట్టె ముట్టలేదు. ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడేది.

శుక్రవారం మధ్యాహ్నం ఐలవ్వ లేచి కూర్చుంది. శంకరవ్వ ఇక దాచలేకపోయింది. పెంకు జారిన దగ్గర్నుంచి నీలి ఛాయ దాకా ఒక్కటీ వదలకుండా చెప్పింది. చివరికి ఇక ఉండలేక అడిగింది. "చేదు తెల్వలేదా అక్కా? నోట్ల పోసుకోంగనే ఉమ్మెయ్యకపోయినవా?"

"తెల్వకేంది? నోరంత చేదైపాయె" అంది ఐలవ్వ మామూలుగా. "గని నీ చేతి గంజి చేదెట్లయితది? నా నోరే చెడ్డదనుకున్న. పారబోసినట్టు ఎవలన్న చెప్తే నీ మనసు నొస్తదని, గిన్నె కడిగి ఆ నీళ్ళు గూడ తాగిన."

దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ ఇప్పుడు పనికిరాదని అర్థమై, శంకరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొన్నటి నుంచీ గడ్డకట్టుకుపోయిన ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

ఐలవ్వకు ఆ ఏడుపు ఎందుకో అర్థం కాలేదు. మసక కళ్ళతో కాసేపు చూసి, వణికే చెయ్యి చాపి ఆమె తల మీద పెట్టింది.

"ఊకో చెల్లె, ఊకో. గీ దవాఖాన బన్ను నాకు మింగుడు పడతలేదు. రేపు వచ్చేటప్పుడు జర అంబలి తెస్తవా?"