టైరును తాకని దీపం

సైకిలు డైనమో గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదని యాభై ఏళ్ళు అనుకున్నాను. బడికి పోకుండా, విప్పుకుని బిగించుకుని నేర్చుకున్నవాణ్ణి. టైరుకు ఒరుసుకుంటేనే కరెంటు పుడుతుందని ఎందరితోనో కొట్లాడాను.

రెండు వేల పన్నెండు ఎండాకాలంలో నారాయణగూడ బస్టాపు పక్కన ఒక పాలమూరు మేస్త్రీ సైకిలు ఆపుకుని, ముందు చక్రం పుల్లలకు చిన్న అయస్కాంతాలు బిగిస్తున్నాడు. వాటి పక్కనే, చక్రంతో తిరగకుండా ఫోర్కుకు కట్టిన ఒక రాగితీగ చుట్ట, దానికొక బుల్లి బల్బు. టైరును తాకేది ఏదీ లేదు. నాకు ఒళ్ళు మండింది.

“ఒరుసుకోకుండ కరెంటు ఎట్ల వస్తదయ్యా? ఎవర్ని ఎర్రోళ్ళను చేద్దామని?”

“అయస్కాంతం తీగ ముంగటి నుంచి ఉరికితే సాలు పెద్దాయన. నిన్న చీకట్ల ఆటో గుద్దింది. ఇయ్యాల లైటు లేకుంట కవాడిగూడ పోను.”

“ఎలిగితే ఈడనే చెవులు పట్టుకుంట.”

అతను చక్రం ఎత్తి తిప్పాడు. ఎండలో ఏమీ కనబడలేదు. నేను నవ్వాను.

“జర నీ ఛత్రి ఇటు పట్టు.”

పట్టాను. గొడుగు నీడలో బల్బు మిణుకుమిణుకుమని, చక్రం జోరందుకున్నకొద్దీ నిండుగా వెలిగింది.

మాట తప్పే మనిషిని కాను. గొడుగు చంకలో పెట్టుకుని రెండు చేతులూ ఎత్తబోయాను.

“ఒక్క చెవి సాలు పెద్దాయన. ఛత్రి తియ్యకు” అన్నాడు, బల్బు మీదనుంచి చూపు తిప్పకుండా.

ఒక చేత గొడుగు, ఒక చేత చెవి పట్టుకుని నిలబడ్డాను. చిక్కడపల్లి పోవలసిన నా బస్సు వచ్చి ఆగింది.

“ఇంకోసారి తిప్పు” అన్నాను.