మైకాయన అతికించిన వాక్యం

బస్టాండులో ఆయన పేరు ఎవరికీ తెలియదు. అందరికీ మైకాయనే. మేడమీద గాజుగదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో, ఎప్పుడు కదులుతోందో చెప్పడం ఆయన ఉద్యోగం. దేవుడు ఆయనకు ఒడ్డూ పొడుగూ ఇచ్చేటప్పుడు పిసినారితనం చూపించాడు గానీ, గొంతు దగ్గరికొచ్చేసరికి చెయ్యి జారవిడిచాడు. రోడ్డు మీద ఎదురైతే ఎవరూ రెండోసారి చూడని మనిషి. మైకు ముందు నోరు విప్పాడంటే మాత్రం బెంచీ మీద గుర్రుపెడుతున్నవాడు కూడా లేచి సంచి వెతుక్కోవాల్సిందే.

అంత గొంతున్న మనిషి ఇంట్లో ముక్తసరి. "ఏ బస్సు ఎక్కడికి పోతుందో ఊరందరికీ చెప్తారు. తనెక్కడికి పోతున్నారో నాకు మాత్రం చెప్పరు" అని ఆయన భార్య పక్కింటావిడ దగ్గర వాపోయేది. అందులో అబద్ధమేమీ లేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్న పెద్దాయన ఈయనకు ఒకే ఒక్క పాఠం చెప్పాడు. "నోరు జారితే జారనీ, వెనక్కి మాత్రం తీసుకోకు. ఒక్కసారి 'కాదు కాదు' అన్నావో, ఆ రోజు నుంచి నువ్వేం చెప్పినా జనం పక్కవాణ్ణి అడుగుతారు. ఆగకుండా ముందుకెళ్ళిపో." మైకాయన దాన్ని వేదంలా పట్టుకున్నాడు. ఓసారి మూడో ప్లాట్‌ఫారం అనబోయి ఏడో ప్లాట్‌ఫారం అనేశాడు. ఇంకొకడైతే సరిదిద్దుకునేవాడు. ఈయన కంట్రోలరుకి ఫోను చేసి బస్సునే ఏడో ప్లాట్‌ఫారానికి తెప్పించాడు. డ్రైవరు తిట్టుకుంటూ వెనక్కీ ముందుకీ తిప్పి తెచ్చి పెట్టాడు. ఆ సంగతి బస్టాండు క్యాంటీన్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

ఆయన ఇంటి మేడమీద గదిలో ఒక టీచరు అద్దెకుండేది. ముప్పై నిండని అమ్మాయి. పుట్టుకతోనే చూపు లేదు. చూపు లేని పిల్లల బడిలోనే పాఠాలు చెప్పేది. దిగువన వీళ్ళిద్దరినీ బాబాయ్, పిన్ని అని పిలిచేది. పగలు ఉద్యోగం చేసుకుంటూనే సాహిత్యంలో ఎమ్మే కడుతోంది. అన్ని పేపర్లూ గట్టెక్కాయి, ఒక్కటే మిగిలింది: పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్ సాహిత్యం, అందులోని ఉద్యమాలు. అది పాసైతే ఒక కాలేజీలో లెక్చరరు పోస్టు సిద్ధంగా ఉంది. ప్రిన్సిపాలు మాటిచ్చింది గానీ, ఫలితాలొచ్చేదాకానే ఆగుతానని కూడా చెప్పింది.

మిగతా పాఠాలకు రికార్డింగులు దొరికాయి. దీనికి దొరకలేదు. సెకండ్‌హ్యాండులో కొన్న లావుపాటి పుస్తకం ఒక్కటే దిక్కు. ఒక సాయంత్రం ఆ అమ్మాయి మెట్లు దిగొచ్చి, "బాబాయ్, రోజూ కాసేపు ఇది చదివి పెడతారా? ఫోన్లో రికార్డు చేసుకుంటాను. మీ గొంతయితే చెవికి పట్టేస్తుంది" అంది.

గొంతు మెచ్చుకుంటే కరగని మైకు మనిషి ఉండడు. ఈయన వెంటనే ఒప్పేసుకున్నాడు.

మొదటి రోజు ఆదిలోనే హంసపాదు. అలవాటుకొద్దీ ప్రతి శీర్షికనూ రెండేసిసార్లు సాగదీసి చదివాడు. "కాల్పనికవాదం... కాల్పనికవాదం..." అంటుంటే, ఎన్నో ప్లాట్‌ఫారమో కూడా చెప్తాడేమోనని వంటింట్లో భార్య కడుపు పట్టుకుని నవ్వింది. టీచరు కూడా నవ్వింది. నాలుగైదు రోజులకు దారిలో పడ్డాడు. ఆ తర్వాత ఆయనకు అందులో నిజంగానే రుచి తగిలింది. మనిషి ఊహకీ, ఉద్వేగానికీ పెద్దపీట వేసిన కాల్పనికులు బాగానే ఉన్నారనుకున్నాడు. ప్రతి మనిషిలోనూ దైవాంశ ఉంది, లోపలి మాట వింటే చాలు అన్న అతీతవాదులు ఇంకా బాగున్నారు. అక్కడి అంతర్యుద్ధం తర్వాత వచ్చిన వాస్తవికవాదులు, ఉన్నదున్నట్టు చెప్పాలన్నవాళ్ళు, బస్సు ఎక్కే జనంలా అనిపించారు. పరిస్థితులే మనిషిని ఆడిస్తాయన్న సహజవాదుల దగ్గరికొచ్చేసరికి కాస్త దిగులు పడ్డాడు. "వీళ్ళు చెప్పింది నిజమైతే మరి మన చేతిలో ఏముందే?" అని భార్యని అడిగాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుడు తనను అడిగిన మొదటి పెద్ద ప్రశ్న అదేనని ఆవిడ మురిసిపోయింది. "గరిటె ఉంది నా చేతిలో, మీ సంగతి నాకు తెలీదు" అంది.

మధ్యలో ఒక పాఠం దగ్గర ఆ పొరపాటు జరిగింది. పుస్తకానికి ఎక్కడో తడి తగిలి రెండు కాగితాలు అతుక్కుపోయాయి. అతీతవాదుల గురించి చదువుతూ పేజీ తిప్పాడు, రెండూ కలిసి తిరిగాయి. కొత్త పేజీలో చీకటి కాల్పనికుల మాట నడుస్తోంది, పాపమనీ, అపరాధ భావమనీ, మనిషిని వదలని నీడలనీ. పై వాక్యానికీ కింది వాక్యానికీ పొత్తు కుదరలేదు. మైకాయనకు అది తెలిసింది. ఫోన్లో ఎర్రచుక్క వెలుగుతోంది. ఇంకొకరైతే ఆగి పేజీ విడదీసేవారు. ఈయన మాత్రం ఊపిరి కూడా మార్చకుండా, "ఆ నమ్మకమే ముదిరి చివరికి పాపభీతిగా మారింది" అని సొంతంగా ఒక వాక్యం కట్టి, అతుకు తెలియకుండా కలిపేసి, ముందుకెళ్ళిపోయాడు. చదవడం అయ్యాక వెనక్కి వెళ్ళి చూద్దామనుకున్నాడు. అంతలో "ఏవండీ, సిలిండరొచ్చింది" అని కేక. లేచి వెళ్ళాడు.

మర్నాడు గుర్తొచ్చి, చెంచా కాడతో కాగితాలు విడదీసి చదువుకున్నాడు. అక్కడున్నది ఆయన కట్టిన వాక్యానికి సరిగ్గా ఎదురు. చీకటి కాల్పనికులు అతీతవాదుల వారసులు కారు, వాళ్ళతో పేచీ పెట్టుకున్నవాళ్ళు. లోపలికి చూసుకుంటే వెలుగు ఉంటుందని వాళ్ళంటే, నిజంగా చూసుకున్నారా, అక్కడ చీకటి కూడా ఉంది కదా అని వీళ్ళు అడ్డుపడ్డారు. ఆ పేచీ మొత్తం ఆ రెండు పేజీల్లోనే ఉంది.

సాయంత్రం చెప్పేద్దామనే అనుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోపే టీచరు, "నిన్నటి పాఠం ఎంత బాగా చదివారు బాబాయ్! ఎక్కడా ఒక్క తడబాటు లేదు" అంది. ఆ మెప్పు ముందు ఒప్పుకోలు గొంతులోనే ఆగిపోయింది. రేపు చెప్దాం అనుకున్నాడు. ఆ రేపు రాలేదు. తప్పు చేసినవాడికి రేపు ఎప్పుడూ అందుబాటులోనే ఉంటుంది.

పరీక్ష దగ్గరపడింది. చూపు లేనివాళ్ళు జవాబులు చెప్తుంటే పక్కన కూర్చుని రాయడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి చదువు పరీక్ష రాసేవాళ్ళ చదువుకన్నా తక్కువుండాలని నియమం. టీచరు మాట్లాడుకున్నావిడకు జ్వరమొచ్చింది. "బాబాయ్ ఉన్నారుగా" అంది పిన్ని. ఇంటర్ తప్పిన చదువు అన్నేళ్ళకి అక్కరకొచ్చిందని ఆయన్ని ఆటపట్టించింది కూడా. కాదనడానికి మైకాయనకు కారణం దొరకలేదు. ఉన్న ఒక్క కారణం బయటపెట్టేది కాదు.

వాళ్ళిద్దరినీ విడిగా ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. ఇన్విజిలేటరు ఒక పెద్దావిడ. "అమ్మాయి చెప్పింది చెప్పినట్టు రాయండి. అడిగితే చదివి వినిపించండి. అంతకుమించి ఒక్క మాట మాట్లాడినా పేపరు తీసేసుకుంటాను" అని ముందే చెప్పి, ఎదురుగానే కుర్చీ వేసుకుంది.

ప్రశ్నపత్రం చదివి వినిపిస్తుంటే ఆ పాఠం మీది ప్రశ్నే ఎదురైంది. అతీతవాదులకూ, చీకటి కాల్పనికులకూ ఉన్న సంబంధాన్ని చర్చించండి. అన్నిటికన్నా ఎక్కువ మార్కులు దానికే. టీచరు ఆ ప్రశ్న వినగానే కాస్త ఆగింది. ఏదో అడగబోయినట్టు ఆయనవైపు తల తిప్పింది. మళ్ళీ సర్దుకుని చెప్పడం మొదలుపెట్టింది. మొదటి పేరా ముత్యాల్లా వచ్చింది. రెండో పేరాలో ఆయన వాక్యం వచ్చింది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

పెన్ను ఆగింది. దిద్దడానికి ఒక్క మాట చాలు. ఆమెకు కనిపించదు, ఇన్విజిలేటరుకి ఆ పాఠం తెలియదు. ఆయనకు మాత్రం ఆ రెండు పేజీలూ కంఠతా వచ్చు. రాసేస్తే ఆ అమ్మాయి ఉద్యోగం దక్కుతుంది, తన తప్పూ మాసిపోతుంది. కానీ అప్పుడది ఆమె రాసిన పరీక్ష కాదు. జీవితంలో ఏ పనికీ ఎవరి దయా అడగని పిల్ల. ఆమె పేరు మీద తన రాత రాయడానికి ఆయనకు చెయ్యి రాలేదు.

"రాశారా బాబాయ్?" అందామె.

రాశాడు. ఆమె చెప్పిందే రాశాడు. ఆ తప్పు వాక్యం మీద ఆమె ఇంకా రెండు జవాబులు కట్టింది. అవీ రాశాడు.

ఆఖర్న ఆమె, "ఆ పెద్ద జవాబు రెండో పేరా ఒకసారి చదవండి" అంది. ఆమె చెవులు ఎలాంటివో ఆయనకు తెలుసు. ఆయన అడుగుల చప్పుడునుబట్టే ఆ రోజు బస్సులు ఆలస్యంగా నడిచాయో లేదో చెప్పే మనిషి. గొంతు రవ్వంత వణికినా పట్టేస్తుంది. వణికితే అది సాయం చేసినట్టే. అందుకని ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేర్చిన బిగువంతా కూడగట్టుకుని, ఎక్కడా తొణక్కుండా చదివాడు. ఆమె కాసేపు విని, "సరే, ఉండనివ్వండి" అంది. అంత బాగా ఆయన ఎన్నడూ చదవలేదు. అంత ఏడుపూ ఎన్నడూ రాలేదు.

బయటికొచ్చాకైనా చెప్పాల్సింది. ఏమో, పాసవుతుందేమో అన్న ఆశ ఒకటి ఆయన నోరు నొక్కేసింది. ఫలితాలొచ్చేదాకా కక్కలేక మింగలేక తిరిగాడు. ఆ అమ్మాయి పరీక్ష తప్పింది. కాలేజీలో పోస్టు ఇంకెవరికో ఇచ్చేశారు.

ఆ సాయంత్రం టీచరు పుస్తకాలన్నీ ఒక సంచిలో వేసుకుని కిందికొచ్చింది. "పిన్నీ, ఇవి ఎవరికైనా పనికొస్తే ఇచ్చేయండి. నాకు మళ్ళీ రాసే ఓపిక లేదు. ఓపిక కాదు, బుర్ర లేదు. కొన్ని విషయాలు ఎన్నిసార్లు విన్నా నాకు ఎక్కవు. పిల్లలకి అక్షరాలు చెప్పుకుంటూ బతికేస్తాను" అంది. ఏడుస్తూ అనలేదు. లెక్క తేల్చుకున్న మనిషిలా అంది. అది చూసి మైకాయనకు ఏడుపుకన్నా ఎక్కువ భయమేసింది.

"కూర్చో తల్లీ, నీకో మాట చెప్పాలి" అన్నాడు. అతుక్కున్న కాగితాల దగ్గర మొదలుపెట్టి, పరీక్ష గదిదాకా అంతా చెప్పాడు. ఏదీ మినహాయించుకోలేదు. భార్య వింటూ వింటూ చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

టీచరు ముఖం ఎర్రబడింది. "నా ఉద్యోగం పోగొట్టారు" అంది.

"అవునమ్మా."

"ఆ వాక్యం మీ సొంతమా?"

"నాదే."

తర్వాత ఆమె నెమ్మదిగా, తనలో తాను అనుకుంటున్నట్టుగా అంది. "మొదటిసారి విన్నప్పుడే నాకది మింగుడు పడలేదు బాబాయ్. ప్రతి మనిషిలోనూ దేవుడున్నాడని నమ్మినవాళ్ళకి పాపమంటే అంత బెంగ ఎందుకు పుడుతుందీ అని. మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నాను. మీ గొంతులో అనుమానమే లేదు. అంత ధీమాగా చదువుతుంటే, తేడా నా బుర్రలోనే ఉందనుకున్నాను. పరీక్షలో మళ్ళీ చదివించుకున్నది కూడా అందుకే."

మైకాయన తల ఎత్తలేకపోయాడు. ఉద్యోగం పోగొట్టడం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు అని ఆయనకు అప్పుడే అర్థమైంది.

"ఆ పేజీలు తీయండి" అందామె.

ఆయన సంచిలోంచి పుస్తకం తీసి, చిరుగుపట్టిన అంచులు సర్ది చదవడం మొదలుపెట్టాడు. గొంతు వణికింది, వణకనిచ్చాడు. నాలుగు వాక్యాలు అయ్యేసరికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. మిగతాది నేను చెప్తాను, ఉందో లేదో చూడండి. ఇద్దరూ ఒక ఇంటి పిల్లలే. ఒకళ్ళు, నీ లోపలికి చూసుకో, దేవుడు కనిపిస్తాడు అన్నారు. రెండోవాళ్ళు, చూశాం, మా తప్పులు కూడా కనిపించాయి, వాటినేం చెయ్యమంటారు అని అడిగారు. అది కొనసాగింపు కాదు, దెబ్బలాట. అవునా?"

మైకాయన వేలు వరుస వెంబడి కదులుతూ వచ్చి, పేజీ చివర ఆగింది. ఆమె చెప్పినదంతా అక్కడ ఉంది.

"ఉంది తల్లీ" అన్నాడు. కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి. "నువ్వన్నదే ఉంది."

టీచరు లేచి, సంచిని మళ్ళీ భుజానికి తగిలించుకుంది. "మిమ్మల్ని క్షమించానో లేదో నాకింకా తెలీదు బాబాయ్. మళ్ళీ పరీక్షకి ఫీజు ఎప్పటిలోగా కట్టాలో రేపు కనుక్కోండి" అని మెట్లెక్కి వెళ్ళింది.