దుర్గయ్య షేర్వానీ వేసుకున్న సాయంత్రం

దేవరకొండ దిక్కున మా ఊళ్లో దుర్గయ్య అంత మొండి మనిషి లేడు. గొర్ల మంద ఉన్నవాడు, మాట మీద నిలబడేవాడు. తనను చూసి నలుగురు నవ్వితే మాత్రం ఓర్చుకోలేడు. దానికి కారణం ఉంది. ఆ రోజుల్లో దొర ఉండే గడి ముందు నుంచి పోవాలంటే భుజం మీది గొంగడి తీసి నడుముకు చుట్టుకోవాలి, చెప్పులు చేతపట్టుకోవాలి. పడుచుతనంలో ఒకసారి ఏమరుపాటున గొంగడి కప్పుకునే నడిచినందుకు దొర మనుషులు పదిమందిలో దాన్ని ఊడబెరికి నవ్వారు. దొర ఊరు విడిచిపోయాడు, నిజాం రాజ్యం పోయింది. ఆ సిగ్గు మాత్రం దుర్గయ్యను వదల్లేదు.

సాగర్ డ్యాం కట్టి నీళ్లు నిలిపిన కొత్తలో తాలూకా కచేరీ నుంచి కబురొచ్చింది. మునిగిన ఊళ్లవాళ్లను, ఆ ఊళ్ల ఆడబిడ్డలను, అల్లుళ్లను లాంచీ ఎక్కించి నీళ్ల మీద తిప్పుతారట. పొద్దుగూకే వేళకు లాంచీలోనే విందట. పెద్ద ఆఫీసర్లు వస్తారు కాబట్టి మంచి బట్టల్లో రావాలట. దుర్గయ్య భార్య సత్తమ్మ పుట్టిన ఊరు ఏటిగడ్డ ఆ నీళ్ల కిందనే ఉంది. ఊరు ఖాళీ చేసేనాటికి ఆమె పురిటి మంచంలో ఉండి కడసారి చూపుకు కూడా పోలేకపోయింది. కబురు విన్న దగ్గర్నుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు.

దుర్గయ్యకు మాత్రం బట్టల ఫికరు పట్టుకుంది. గొంగడి ముచ్చటే ఎత్తనివ్వలేదు. దేవరకొండ పోయి, నిజాం కాలంలో కచేరీలో పనిచేసిన కృష్ణయ్యను బతిమాలి ఆయన నల్ల షేర్వానీ తెచ్చుకున్నాడు. అది కృష్ణయ్య కొలతకు కుట్టింది. గుండీలన్నీ పెడితే ఊపిరి అందదు, తీస్తే పరువు నిలవదు. అది తొడుక్కుని ఇంట్లో అటూ ఇటూ నడవడం నేర్చుకుంటుంటే గొర్లు కూడా బెదిరాయని మా వాడకట్టు వాళ్లు చాటుగా నవ్వుకున్నారు.

సత్తమ్మకు ఆ తంటా లేదు. పెట్టెలోంచి ఒక నీలం నేత చీర తీసింది. తల్లి కడసారి పెట్టిన చీర. కొంగు దగ్గర చిరిగితే రెండు చోట్ల కుట్లేసుకుంది. దుర్గయ్య దాన్ని చూసి మొహం మాడ్చుకున్నాడు. పక్కింటి యాదమ్మ దగ్గర జరీ అంచు చీర ఉంది, అడిగి కట్టుకొమ్మన్నాడు.

"ఇది మా అవ్వ ఆ ఇంట్ల పెట్టిన చీర," అంది సత్తమ్మ. "పరాయి చీర కట్టుకొని మా అవ్వ ఇంటికి పోతనా?"

"గీ కుట్ల చీరతోని ఆఫీసర్ల నడుమ కూసుంటే నా ఇజ్జత్ ఏం గావాలె? గిదే కడతనంటే ఇంట్లనే ఉండు."

ఎరువు షేర్వానీ వేసుకున్నవాడు ఆ మాట అనడానికి నోరెట్లా వచ్చిందో! సత్తమ్మ మాట పెంచలేదు. చీర మడిచి పెట్టెలో పెట్టి, గొర్లకు నీళ్లు పెట్టడానికి పోయింది. దుర్గయ్య ఒక్కడే బయలుదేరాడు.

లాంచీలో ఎవరూ ఎవరి బట్టలూ చూడలేదు. తహసీల్దారు చొక్కా చేతులు పైకి మడుచుకుని వచ్చాడు. చాలామంది రైతులు గొంగళ్లు భుజాన వేసుకునే వచ్చారు. ఆ గుంపులో షేర్వానీతో దుర్గయ్య ఒక్కడే పెళ్లికొడుకులా బిగుసుకుని నిలబడ్డాడు. కొంతదూరం పోయాక నడిపేవాడు ఇంజను ఆపి, కింద ఏటిగడ్డ ఉందని చెప్పాడు. ఆడవాళ్లు లేచి అంచుకు పోయారు. అతుకుల చీర కట్టుకున్న ఒక ముసలమ్మ పసుపూ కుంకుమా నీళ్లలో వదిలి, ఇంటి గడపకు మొక్కినట్టు మొక్కింది. తహసీల్దారు కూడా లేచి నిలబడ్డాడు.

సత్తమ్మకు వరసకు తమ్ముడయ్యే ఐలేశం దగ్గరికొచ్చి అక్క ఏదని అడిగాడు. ఒంట్లో బాగలేదన్నాడు దుర్గయ్య. తర్వాత విందులో ఏం పెట్టారో, తను ఏం తిన్నాడో అతనికి తెలియలేదు. చేతికందిన అవకాశాన్ని కాలదన్నినట్టయిందని, అది కూడా తనది కాదు, ఆమెదని అప్పుడు తెలిసొచ్చింది.

మర్నాడు ఇల్లు చేరేసరికి సత్తమ్మ వాకిట్లోనే ఉంది. కాళ్లకు నీళ్లిచ్చి ఒక్కటే అడిగింది.

"మా ఊరి మీదికెల్లి పోయిండ్రా?"

నిజం చెబుదామనే నోరు తెరిచాడు. ఆమె మొహం చూశాక చెప్పలేకపోయాడు.

"లేదు. అటు దిక్కు పోలే."

సత్తమ్మ చెంబు కింద పెట్టింది. తర్వాత ఆమె మొహం తేటపడింది.

"అట్లనా. నేనొక్కదాన్నే చూడకపోతినని రాత్రంత ఏడ్సిన. నువ్వు సుత చూడలేదన్నమాట."

అటువంటి పిలుపు మళ్లీ రాలేదు. ఊళ్లో ఎవరైనా లాంచీ ముచ్చట తీసి, ఏటిగడ్డ ఎట్లా ఉందని దుర్గయ్యను అడిగితే, అతను నోరు విప్పకముందే సత్తమ్మ అందుకునేది.

"ఆయననేం అడుగుతరు? లాంచీ అటు దిక్కు పోనేలేదంట. షేర్వానీ తొడుక్కొని అంత దూరం పోయి, పాపం, ఆయన సుత చూడలే."