'ఏడు చొక్కాలు' పుస్తకం అసలుదా కాదా: పర్చూరు దారిలో ఒక శనివారం

నేను అనుమానపు మనిషిని. మా ఇంట్లో అందరూ అనే మాటే ఇది, నాకేం సిగ్గులేదు. తాడేపల్లిలో ఒక చిన్న బడికి బొమ్మల పుస్తకాలు ఎంపిక చేసే పని నాది. పోయినేడాది 'మన ప్రాంతపు చిత్రకారులు' అని రాసి ఉంటే మురిసిపోయి ఒక కట్ట కొన్నాను. తల్లిదండ్రుల మీటింగులో రెండో తరగతి పాప అందులోని అమ్మమ్మ వేళ్ళు లెక్కపెట్టి "టీచర్, ఆరున్నాయి" అంది. కంప్యూటర్ వేసిన బొమ్మలట! నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. హెడ్మిస్ట్రెస్ గారు మాత్రం నెమ్మదిగానే, "ఈసారి మోసపోతే ఈ పని ఇంకొకరికి అప్పగిద్దాం" అన్నారు. అందుకే ఈ ఫిబ్రవరిలో ఎవరో 'ఏడు చొక్కాలు' తెచ్చిచ్చినప్పుడు పిల్లలు ఎగబడ్డా నేను ఎగబడలేదు. మిరపచేలో కోతకెళ్ళిన ఏడుగురు ఆడవాళ్ళ కథ అది. చీరల మీద మగవాళ్ళ చొక్కాలు, మొహానికి గుడ్డలు. చేలో అట్లాగే కట్టుకుంటారని నాకు తెలియక కాదు. కానీ మధ్యాహ్నం అన్నం తినే బొమ్మలో కూడా అందరూ వీపు తిప్పి కూర్చున్నారు! మొహాలు వేయడం రానివాళ్ళ ఎత్తు ఇదని తేల్చేశాను. వెనక అట్ట మీద బొమ్మలు వేసినావిడ పేరు కరుణ అనీ, పర్చూరు దగ్గర ఒక ఊరి పేరూ ఉన్నాయి. ఫోను నంబరు లేదు. అదింకో అనుమానం. సోమవారంలోగా ముప్ఫై కాపీలు కొనాలో వద్దో చెప్పాలి. రెండో శనివారం పొద్దున్నే బయల్దేరాను.

ఆరుంబావుకి తాడేపల్లిలో బస్సెక్కితే ఏడుంబావుకి గుంటూరు. బస్టాండ్ బయట నలభై రూపాయలకి నాలుగు ఇడ్లీ, మంచి కారప్పొడి. ఏడూ నలభైకి ప్రత్తిపాడు మీదుగా పర్చూరు వెళ్ళే పల్లెవెలుగు దొరికింది. ఆడవాళ్ళం కాబట్టి ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టే. మగవాళ్ళకి ఎనభై దాకా అవుతుందని పక్కసీటాయన చెప్పాడు. ప్రత్తిపాడు దాటాక ఏరేసిన పత్తి చేలు, వాటి పక్కన కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. బస్సంతా తుమ్ములే. తొమ్మిదింబావుకి పర్చూరులో దిగి మస్తాన్ అనే ఆయన ఆటో ఎక్కాను, మనిషికి ముప్ఫై.

"బొమ్మల కరుణమ్మ దగ్గరికా? ఏంటండీ, సర్వేనా?" అన్నాడు అద్దంలోంచి చూస్తూ.

"కాదు, పుస్తకం కొనడానికి."

"పోయినేడొచ్చినాయన కూడా అట్టాగే అన్నాడులెండి" అని ఊరుకున్నాడు. ఆయనెవరో ఎంత అడిగినా చెప్పలేదు.

కరుణ చర్చిలో సండే స్కూల్ టీచరు, సీజన్లో అందరితో పాటు కోతకీ వెళ్తుంది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. ఊళ్ళో అడిగి మిరపచేనికి వెళ్తే, గట్టు మీదే కూర్చోబెట్టి, సంచిలోంచి బొమ్మలు వేసిన డ్రాయింగు పుస్తకం తీసి నా చేతికిచ్చింది. పోస్టర్ రంగులు, చెరిపేసిన పెన్సిలు గీతలు, ఒక పేజీ మీద టీ మరక. అయినా నా బుద్ధి పోతుందా? తర్వాత పోల్చి చూద్దామని ఫోను తీసి పేజీ ఫోటో కొట్టబోయాను.

"ఏవమ్మోయ్! ఫోను లోపల పెట్టు!"

చేలోంచి కేక. పుస్తకంలోని ఏడుగురిలో కరుణ పోగా మిగతా ఆరుగురూ మొహాలకి గుడ్డలతోనే గట్టు మీదికొచ్చి నన్ను చుట్టుముట్టారు. ఎవరు పంపారు, ఎందుకొచ్చావు అని ఒకటే ప్రశ్నలు. పోయినేడు ఒకాయన పుస్తకం కొంటానని వచ్చి బొమ్మలు ఫోటో తీసుకుపోయాడట. మూడు నెలలకి అవి ఒక కారం ప్యాకెట్టు మీద తేలాయట. పుస్తకం అసలుదో కాదో చూడ్డానికొచ్చానని చెప్పి బడి గుర్తింపు కార్డు చూపించాను.

"కార్డుదేవుంది, ఎవరైనా చేయించుకుంటారు" అంది ఆకుపచ్చ చొక్కా ఆవిడ.

అచ్చం నేను అనే మాటే. అయినా అడగాల్సింది అడిగేశాను. "మరి మొహాలు ఎందుకు వెయ్యలేదు?"

కరుణకి కోపం రాలేదు. "వీళ్ళే వద్దన్నారండి. మొహం వేస్తే ఊరంతా ఫలానా ఆవిడని చెప్పుకుంటారు. చొక్కా వేస్తే వాళ్ళ పిల్లకి మాత్రమే తెలుస్తుంది" అంది. బడి సెలవని తల్లి వెంట వచ్చిన ఆరేళ్ళ కెజియాని పిలిచి, నేను తెచ్చిన పుస్తకం దాని ముందు తెరిచింది. "మీ అమ్మేదే?"

పిల్ల ఆలోచించనైనా లేదు. వీపు తిప్పి కూర్చున్న ఏడుగురిలో ఒకరి మీద వేలు పెట్టింది. "ఇదీ. నాయన చొక్కా. చెయ్యి మడత ఊడిపోద్ది, అమ్మ పిన్నీసు పెట్టుద్ది."

వంగి చూస్తే ఎడమ మోచేతి దగ్గర నిజంగానే చిన్న పిన్నీసు. ఈ పుస్తకాన్ని నేను భూతద్దంతో కూడా వెతికాను, తప్పుల కోసం. పిన్నీసు కనపడలేదు. తలెత్తితే ఆకుపచ్చ చొక్కా ఆవిడ మోచేతి దగ్గర అదే పిన్నీసు. నాకు నిజంగా సిగ్గేసింది.

ముప్ఫై కాపీలు కావాలన్నాను. కరుణ మొహం వెలిగింది. చర్చి బీరువాలో నలభై పడున్నాయి, అవి అమ్ముడుపోతే పత్తి మీద రెండో పుస్తకం వేయించొచ్చట. కానీ ఆమె వెంటనే సరే అనలేదు. బొమ్మలో ఉన్నవాళ్ళంతా ఒప్పుకుంటేనే పుస్తకం ఊరు దాటాలన్నది ఇప్పుడు వాళ్ళ కట్టుబాటు. కరుణతో కలిపి ఏడుగురూ పక్కకెళ్ళి మాట్లాడుకుని వచ్చారు.

"ఇయ్యం" అంది కెజియా తల్లి. "మమ్మల్ని నమ్మక చూడ్డానికొచ్చావు. మేమూ నిన్ను చూడాలిగా. మీ పిల్లల్ని తీసుకురా, ఇక్కడే కూర్చుని చదివిచ్చు. అప్పుడిస్తాం."

కరుణ నా వైపు చూడలేక డ్రాయింగు పుస్తకం సంచిలో పెట్టుకుంది. వాళ్ళు మళ్ళీ చేలోకి దిగారు.

మూడు గంటల బస్సులో తిరిగొస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. పుస్తకం అసలుదేనని సోమవారం గుండెమీద చెయ్యేసుకుని చెప్తాను. మరి పుస్తకాలేవి అంటే, వాళ్ళు నాకు పరీక్ష పెట్టారనీ, నేను తప్పాననీ కూడా చెప్పాలి. పాపం, నా అనుమానం వల్ల ఆగిపోయింది కరుణ రెండో పుస్తకం. వచ్చే శనివారం పదిమంది పిల్లల్ని తీసుకెళ్ళడానికి అనుమతి అడుగుతాను. మీరూ వెళ్ళాలనుకుంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొద్దున పదింటిలోగా చేనికి చేరండి, ముక్కుకి తడి తువాలు పెట్టుకోండి. ముఖ్యంగా, ఏమడగాలన్నా ముందు వాళ్ళ పేర్లు అడగండి. నాతో అంతసేపు పోట్లాడిన ఆ తల్లి పేరేమిటో నేను అడగనే లేదు.